నేను దిద్దిన నాలుగు చలికాలాలు

అమెరికాలో, ఈ షాంటిలీ ఊళ్ళో మా అమ్మాయి ఇంటికి వచ్చే కుర్రకారు నన్ను పెద్ద సైంటిస్టునని అనుకుంటారు. మొన్న ఒకబ్బాయి, ఇక్కడే పుట్టి పెరిగినవాడు, ప్లేట్లో పులిహోర పెట్టుకుంటూ అడిగాడు.

"ఆంటీ, మీరు నార్త్‌లో క్లైమేట్ మీద వర్క్ చేశారంట కదా. అప్పుడు వింటర్స్ నిజంగా అంత కోల్డ్ ఉండేవా? లేక మా డాడీలాగా మీరు కూడా కొంచెం పెంచి చెప్తున్నారా?"

"పెంచలేదు నాయనా, తగ్గించాను. గొడవంతా అక్కడే వచ్చింది," అన్నాను.

వాడికి అర్థం కాలేదు. మీలో ఉద్యోగాలకి కొత్తగా వెళ్తున్నవాళ్ళు ఉన్నారు కాబట్టి వివరంగా చెప్తాను. నా తెలివితేటల మీద మీకున్న గౌరవం కాస్త తగ్గుతుంది. తగ్గనివ్వండి.

నేను సైంటిస్టుని కాను. వాల్తేరులో స్టాటిస్టిక్స్ చదివి, పెళ్ళయ్యాక డెబ్భైల చివర్లో మావారి ఉద్యోగం వెంట కెనడా సరిహద్దుకి ఆనుకున్న ఒక రాష్ట్రానికి వెళ్ళాను. ఆ రాష్ట్రం పేరు చెప్పను. మాది రేపల్లె వైపు. మాకు చలికాలమంటే దుప్పటి కాళ్ళదాకా లాక్కోవడం, అంతే. అక్కడ కార్ల ముందు భాగం నుంచి తోకల్లా కరెంటు తీగలు వేలాడుతుంటే ఏమిటని అడిగాను.

"ఇంజను బిగుసుకుపోకుండా రాత్రంతా ప్లగ్గులో పెట్టి ఉంచుతారు," అన్నారు మావారు.

"మరి మనల్ని ఎక్కడ పెడతారండీ?" అన్నాను.

రెండేళ్ళు ఇంట్లో కూర్చున్నాక, వాతావరణ రికార్డులు చూసే ఒక చిన్న ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం దొరికింది. తప్పులు పట్టడం నా పని. రాష్ట్రమంతటా రైతులు, రిటైరైన టీచర్లు, ఆనకట్టల కాపలాదారులు జీతం లేకుండా రోజూ ఉదయం ఏడింటికి పెరట్లో ఉన్న తెల్ల చెక్కపెట్టె తెరిచి, లోపలి థర్మామీటర్లు చూసి, గడిచిన రోజుకి ఎక్కువ వేడి ఎంతో, తక్కువ ఎంతో ఒక ఫారంలో రాసేవారు. నెలాఖరుకి అది పోస్టులో మా ఆఫీసుకి వచ్చేది. నేను అంకెలన్నీ చూసి, పొంతన లేనివి సరిచేసి, కన్నాలు పొడిచే కంప్యూటర్ కార్డుల మీదకి ఎక్కించేదాన్ని. ఫారంలో చివర 'విశేషాలు' అని ఒక గడి ఉండేది. కార్డు మీద దానికి చోటు లేదు. అందుకని అందులో ఎవరేం రాసినా ఎక్కించే పని లేదు.

మా పై అధికారి తాటిచెట్టంత పొడుగు మనిషి. మాటల్ని మాత్రం రేషన్లో ఇచ్చేవాడు. పని బ్రహ్మాండంగా ఉంటే "ఫర్వాలేదు" అనేవాడు. ఏదైనా అస్సలు నచ్చకపోతే "వేరుగా ఉంది" అనేవాడు. అంతకు మించి తిట్టు ఆయన నోట ఎవరూ వినలేదు. నా మొదటి వారంలో నా డబ్బాలోని చింతకాయ పచ్చడి వాసన ఆఫీసంతా పాకినప్పుడు ఆయన తన గదిలోంచి తల బయటపెట్టి, కాసేపు గాలి పీల్చి, "వేరుగా ఉంది" అని తలుపు వేసుకున్నాడు. నేను అది మెచ్చుకోలనుకుని మర్నాడు ఆయనకి కూడా ఒక సీసా పట్టుకెళ్ళాను.

ఇక నా కథలో అసలు మనిషి ఒక ముసలావిడ. రాష్ట్రం ఉత్తరపు కొసన, ఒక చెరువు ఒడ్డున పొలంలో ఉండేది. వాళ్ళు దాన్ని లేక్ అంటారు, నాకు మాత్రం చెరువే. ముప్ఫై ఏళ్ళు లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. భర్త పోయాడు. ఆ చెక్కపెట్టె అంతకుముందు వాళ్ళ నాన్న చూసేవాడు, ఆయన తర్వాత ఈవిడ. ఒక్క రోజు కూడా గడి ఖాళీగా పంపలేదు. విశేషాల గడి అయితే అంచులదాకా నింపేసేది. "రాత్రి మంచు కురిసింది. గుమ్మం ముందు నక్క అడుగులు. కోళ్ళు అయిదే ఉన్నాయి." ఇంకో రోజు, "ఎండ. పాస్టరు గంటా పది నిమిషాలు మాట్లాడాడు. చర్చి లోపల ఉష్ణోగ్రత పెరిగింది." మరో రోజు ఒకటే ముక్క: "చెరువు ఇంకా కదులుతోంది."

కాఫీ వేళ నేను వీటిని పైకి చదివేదాన్ని. అందరం నవ్వుకునేవాళ్ళం. తర్వాత ఫారం ఫైల్లోకి వెళ్ళిపోయేది.

ఆవిడ అంకెలతోనే నాకు పేచీ. ఆవిడకి ఇటూ అటూ రెండు ఊళ్ళ నుంచి కూడా ఫారాలు వచ్చేవి. నవంబరు, డిసెంబరు నెలల్లో ఆ రెండు ఊళ్ళలో రాత్రిళ్ళు ఎముకలు కొరికే చలి ఉంటే, ఈవిడ పెరట్లో నాలుగు డిగ్రీలు, ఒక్కోసారి ఆరు డిగ్రీలు వెచ్చగా ఉన్నట్టు రాసేది. పాత ఫారాల్లో ఇలా లేదు. మొదటి ఏడాది నేను మర్యాదగా ఉత్తరం రాశాను: "మీ థర్మామీటరు సరిగ్గా ఉందో లేదో చూసుకోగలరు."

జవాబు ఫారం వెనకాల వచ్చింది: "చూశాను. సరిగ్గానే ఉంది. మీరు కూడా మీవైపు చూసుకోగలరు."

నాకు ఒళ్ళు మండింది. స్టాటిస్టిక్స్‌లో ఫస్టు క్లాసు దాన్ని. ఇద్దరు ఒకటి చెప్తూ ఒకరు ఇంకోటి చెప్తే ఎవరిది తప్పో చిన్నపిల్లకైనా తెలుస్తుంది కదా! ఎర్ర పెన్సిలు తీసి, ఆవిడ ప్రతి రాత్రినీ పక్క ఊళ్ళతో సమానంగా కిందికి దించి, దిద్దిన అంకెలు కార్డుల మీదకి ఎక్కించాను. అవి ఆ ఏటి పుస్తకంలో అచ్చయ్యాయి. మరుసటి ఏడు కూడా అంతే. అలా నాలుగు చలికాలాలు.

ఒక సంగతి మాత్రం నన్ను కొంచెం గుచ్చేది. జనవరి రాగానే ఆవిడ అంకెలు వాటంతటవే బాగుపడి, పక్క ఊళ్ళతో కలిసిపోయేవి. చెడిపోయిన థర్మామీటరు జనవరిలో ఎలా బాగుపడుతుంది? దానికీ నేనే ఒక కారణం కనిపెట్టాను. క్రిస్మస్ హడావుడిలో ముసలావిడ సరిగ్గా చూడకుండా రాస్తోంది, పండగ అయిపోయాక ఒళ్ళు దగ్గర పెట్టుకుంటోంది! ఈ మాట రిపోర్టులో కూడా రాశాను. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

నాలుగో చలికాలం కూడా అయ్యాక, ఆవిడ చెక్కపెట్టె స్టేషన్ ఎత్తేయడం మంచిదని సిఫారసు చేశాను. అధికారి కాగితం చదివి, "వెళ్ళి చూశావా?" అన్నాడు.

"లేదండీ."

"చూసిరా." తర్వాత స్టేషన్ ఎత్తివేత ఉత్తరం మీద సంతకం పెట్టి నా చేతికిచ్చాడు. "చూశాక కూడా ఇవ్వాలనిపిస్తే ఇవ్వు."

ఆయన ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం అదే మొదటిసారి. నేను అది కూడా మెచ్చుకోలే అనుకున్నాను.

చెక్కపెట్టెలు బాగుచేసే మా టెక్నీషియన్ నాతో బయల్దేరాడు. ఆరడుగుల మనిషి, ఎర్రటి గడ్డం. ప్రయాణానికి డిసెంబరు రెండో వారం అతనే ఖాయం చేశాడు. ఎందుకో ఆరోజు పొద్దున తెలిసింది. ప్రభుత్వ ట్రక్కు వెనకాల, బాత్రూమంత ప్లైవుడ్ గుడిసె ఒకటి చక్రాల బండి మీద కట్టి తెచ్చాడు. గడ్డకట్టిన చెరువు మీద ఆ గుడిసె పెట్టుకుని, మంచులో కన్నం తొలిచి, అందులోకి గాలం వేసుకుని కూర్చుంటాడట.

"చేపలు పడతాయా?" అన్నాను.

"అది ముఖ్యం కాదు," అన్నాడు.

నేను చీర కింద రెండు ఉన్ని పంట్లాములు, పైన మావారి కోటు, దాని పైన నా కోటు వేసుకున్నాను. మావారు గుమ్మంలో నిలబడి, "తలుపులోంచి దూరగలవా, లేక కిటికీ కూడా తీయమంటావా?" అన్నారు. ట్రక్కులోకి టెక్నీషియనే ఎక్కించాల్సి వచ్చింది.

మధ్యాహ్నం రెండు దాటాక చేరాం. ముసలావిడ సన్నగా, నిటారుగా గుమ్మంలో నిలబడి ఉంది. అమెరికాలో చిన్నా పెద్దా అందరికీ 'యూ' ఒకటే అంటారు గానీ, ఆవిడ 'యూ' నాకు ఖచ్చితంగా 'నువ్వు' అనే వినబడింది.

"ఎర్ర పెన్సిలు అమ్మాయివి నువ్వేనా?" అంది.

ఏ ఉత్తరం మీదో ఎర్ర పెన్సిలు గీత పడి ఉంటుందని సర్దిచెప్పుకుని, తలూపి నేరుగా చెక్కపెట్టె దగ్గరికి వెళ్ళాను. దాన్ని ఇంటి పొయ్యి గొట్టానికి దగ్గరగా పెట్టారేమో చూశాను. లేదు. గోడకి దగ్గరగా? లేదు. పెట్టె పైన మాత్రం పిల్లి బొచ్చు కనిపించింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"మీ పిల్లి దీని మీద పడుకుంటుంది కదండీ! పిల్లి ఒంటి వేడి ఇది!"

"పడుకుంటుంది," అంది ఆవిడ. "మే నెల నుంచి సెప్టెంబరు దాకా. ఇప్పుడు దాని ఒంటి వేడి దానికే చాలదు. అదిగో, పొయ్యి వెనకాల ఉంది, వెళ్ళి కావాలంటే అడుగు."

నేను తెచ్చిన ఆఫీసు థర్మామీటరుని ఆవిడ థర్మామీటరు పక్కనే తగిలించి, రేపు పొద్దున రెండూ కలిపి చూద్దామన్నాను. ఆవిడ సరేనంది. అంతలో చెరువు వైపు నుంచి కేక వినబడింది.

టెక్నీషియన్ గుడిసె బండిని ఒడ్డు దాకా లాక్కెళ్ళాడు. చెరువు మధ్యలో నీళ్ళు హాయిగా అలలు కొడుతున్నాయి. ఒడ్డు దగ్గర మాత్రం పాల మీద మీగడంత మంచు పొర, దాని మీద తెల్లటి పొడి ఉన్నాయి. "నడక రాకముందు నుంచీ నాకు మంచు తెలుసు" అని మాకు వినబడేలా అరిచి, అతను రెండు అడుగులు వేశాడు. మూడో అడుగుకి నడుం లోతు నీళ్ళలో ఉన్నాడు. చేతిలో మంచు తొలిచే బరమా మాత్రం తలపైకి ఎత్తి పట్టుకున్నాడు.

నేను కెవ్వుమన్నాను. ముసలావిడ ముందు చేతి గడియారం చూసుకుంది. తర్వాత గోడకి ఆనించిన నిచ్చెన, బట్టలారేసే తాడు తీసుకుని, ఏమాత్రం తొందరపడకుండా ఒడ్డుకి నడిచింది.

"ఈ మధ్య ఏటా ఒకరు," అంది నాతో. "పోయిన ఏడు పాస్టరు."

ఇద్దరం తాడు పట్టి లాగాం. రెండు కోట్లతో నేను లాగుతున్నానో, కూలబడుతున్నానో నాకే తెలియలేదు. చివరికి అతను నిచ్చెన మీద పాకుతూ బయటపడ్డాడు. వంటింట్లో పొయ్యి ముందు కూర్చోబెట్టి, కనబడిన దుప్పటల్లా కప్పాం. ఇంకా వణుకుతున్నాడని నా సంచిలోని శాలువా లాగాను. శాలువాతో పాటు ఎత్తివేత ఉత్తరం ఉన్న కవరు కూడా వచ్చి కింద పడింది. దాని మీద ఆవిడ పేరు, అడ్రసు టైపు చేసి ఉన్నాయి.

ముప్ఫై ఏళ్ళు టీచరుగా చేసిన మనిషి తన పేరున్న కవరుని వదిలిపెడుతుందా? కళ్ళజోడు పెట్టుకుని పైకే చదివింది. "మీ సేవలకు ధన్యవాదాలు. రీడింగులు నమ్మదగినవిగా లేనందున..." అని ఆగి, "ఇక్కడ కామా ఉండకూడదు," అని మిగతాది పూర్తిచేసింది. ఉత్తరాన్ని మడిచి బల్ల మీద పెట్టింది. టెక్నీషియన్ దుప్పట్లలోకి ఇంకాస్త దిగిపోయాడు.

"ఎప్పుడెప్పుడు నమ్మదగినవిగా లేవు?" అంది.

"నవంబరు, డిసెంబరుల్లో అండీ."

"జనవరిలో?"

"జనవరిలో బాగానే ఉంటాయి."

"అంటే నా థర్మామీటరు క్రిస్మస్ దాకా అబద్ధాలాడి, పండగ రోజు చర్చికెళ్ళి పశ్చాత్తాపపడుతుందా?"

ఆవిడ కిటికీ వైపు చెయ్యి చూపించింది. కిటికీలోంచి చెరువు కనబడుతోంది. నల్లటి నీళ్ళు, వాటి మీద ఆవిరి.

"నా చిన్నప్పుడు నవంబరు నెలాఖరుకి దాని మీద గుర్రబ్బండి నడిచేది. ఇప్పుడు క్రిస్మస్‌కి కూడా నమ్మకం లేదు. అంత నీరు తెరుచుకుని ఉంటే ఒడ్డున ఉన్న నా పెరడు వెచ్చగా ఉండదా? మంచు కప్పేసిందంటే ఇక నాకూ, పక్క ఊరికీ తేడా లేదు. ఇది నేను నీకు ప్రతి ఏడూ రాస్తూనే ఉన్నాను కదా!"

"ఎక్కడ రాశారండీ?"

"విశేషాల్లో."

"చెరువు ఇంకా కదులుతోంది." కాఫీ తాగుతూ నేనే చదివాను, నేనే నవ్వాను. నా మొహం ఎలా ఉందో తెలియదు గానీ, టెక్నీషియన్ దుప్పట్లోంచి "ఓయ్" అని ఒక్క మాట అన్నాడు. ఆ ప్రాంతంలో సంతాపం తెలపడానికి కూడా ఆ మాటే వాడతారు.

ఇక దాచి లాభం లేదనిపించింది. నాలుగేళ్ళుగా ఆవిడ అంకెల్ని దిద్దుతున్నది నేనేనని, అవి పుస్తకాల్లో కూడా అచ్చయ్యాయని చెప్పేశాను. చెప్తుంటే ఏడుపొచ్చింది. రెండు కోట్ల మధ్య నుంచి చీర చెంగు దొరకలేదు.

ఆవిడ కోప్పడలేదు. అదే నాకు కష్టంగా ఉంది. "మా నాన్నకి డెబ్భై రెండేళ్ళప్పుడు కాలు విరిగింది," అంది. "నెల రోజులు కుర్చీలో కూర్చోబెట్టి పెట్టె దగ్గరికి మోసుకెళ్ళేవాళ్ళం. ఒక్క డిగ్రీ కోసం." ఆ మాట నా కళ్ళలోకి చూస్తూ చెప్పి, లేచి లోపలికి వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు చేతుల నిండా పాత నోటుపుస్తకాలు ఉన్నాయి. చెరువు ఏ రోజు గడ్డకట్టిందో, ఏ రోజు కరిగిందో వాళ్ళ నాన్న కాలం నుంచీ అందులో ఉంది. బల్ల మీద ఒక తెల్లకాగితం, ఒక పెన్సిలు పెట్టింది. నల్ల పెన్సిలు.

"కూర్చో. నేను చదువుతాను, నువ్వు రాసుకో. తొందర లేదు, అతని పంట్లాం ఎలాగూ రేపటి దాకా ఆరదు."

చీకటి పడేదాకా ఆవిడ చెప్తూ పోయింది, నేను రాస్తూ పోయాను. పక్కవాళ్ళ కాపీలో చూస్తూ పట్టుబడ్డ పిల్లలా కూర్చున్నాను. భోజనానికి బంగాళదుంపలు పెట్టింది. ఉప్పు తప్ప ఏమీ లేదు. రెండుసార్లు వడ్డించుకున్నాను.

మర్నాడు ఉదయం ఏడింటికి ముగ్గురం పెట్టె దగ్గరికి వెళ్ళాం. రెండు థర్మామీటర్లూ ఒకే అంకె చూపించాయి. ఆవిడ ఫారం తీసి ముందురోజు విశేషాలు నింపింది. నా ముందే రాసింది: "మధ్యాహ్నం 3:40. చెరువు గడ్డకట్టలేదు. ప్రభుత్వం వారు స్వయంగా దిగి తనిఖీ చేశారు."

ఆఫీసుకి తిరిగొచ్చి అధికారికి అంతా చెప్పాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. ఆయన నేను రాసుకొచ్చిన తారీఖులు మొదటి నుంచి చివరిదాకా వేలు పెట్టి చదివాడు. రెండోసారి కూడా చదివాడు.

"వేరుగా ఉంది," అన్నాడు. ఈసారి నన్ను తిట్టడం లేదని అర్థమైంది.

తర్వాత, "ఒక్క చెరువు చాలదు. మిగతావాళ్ళని అడుగు," అన్నాడు.

అడిగాను. చెరువుల ఒడ్డున ఉన్న వాళ్ళందరికీ ఉత్తరాలు రాస్తే జవాబులు చెప్పుల పెట్టెల్లో, చర్చి రిజిస్టర్లలో, ఒకచోట సారా దుకాణం గోడ మీద, చెరువు ఏ రోజు కరుగుతుందోనని పందేలు రాసుకున్న అట్టముక్కల్లో వచ్చాయి. కొన్ని చెరువుల్లో ఏ తేడా లేదు. చాలా వాటిలో ఉంది. ఆ దశాబ్దం చివరిదాకా నా పని అదే అయింది. మీరు నన్ను సైంటిస్టంటున్నది ఆ చెప్పుల పెట్టెలు విప్పినందుకే.

అంతకంటే ముందు నాలుగు చలికాలాల అంకెల్ని వెనక్కి మార్చాలి. పుస్తకంలో సవరణ చీటీ వేయాలి. చీటీలో 'పొరపాటుకి కారణం' అని ఒక గీత ఉంది. నేను దాని మీద, "స్థానిక జల పరిస్థితుల ప్రభావాన్ని తగినంతగా పరిగణనలోకి తీసుకోలేకపోవడం" అని రాసి పట్టుకెళ్ళాను. అధికారి అది కొట్టేసి "గుమస్తా పొరపాటు" అని రాశాడు.

నేను నిలబడే ఉన్నాను. ఆయన చీటీ వైపు కొంతసేపు చూసి, 'గుమస్తా' పక్కన 'అధికారి' అని కూడా చేర్చి, నాకు తిరిగి ఇచ్చాడు. ఆ నాలుగేళ్ళ పుస్తకాల మీదా సంతకం ఆయనదే.

అచ్చయిన చీటీ ఒకటి ముసలావిడకి పంపాను. ఆ జనవరి నెల ఫారంతో అది తిరిగొచ్చింది. టెంపరేచర్ స్పెల్లింగులో ఎగిరిపోయిన అక్షరం చుట్టూ ఎర్ర సున్నా ఉంది. పైన మూలగా మార్కు: "బి మైనస్. శ్రద్ధ పెడితే బాగా చేయగలదు."

కాఫీ వేళ ఆ చీటీ చేతులు మారింది. అందరూ నవ్వారు, అందరికంటే నేనే ఎక్కువ నవ్వాను. ఆ ఊపులో, అలవాటుగా ఫారంలో విశేషాలు కూడా పైకి చదివాను.

"ఈ తెల్లవారుజామున చెరువు గడ్డకట్టింది. పక్క పొలం పిల్లలకి క్రిస్మస్‌కి మంచు మీద జారే కొత్త స్కేట్లు కొన్నారు. సెలవులన్నీ వాటిని మెడలో వేసుకుని ఒడ్డున తిరిగారు. నిన్న బడి తెరిచారు."

ఎవరూ నవ్వలేదు. టెక్నీషియన్ కప్పు కింద పెట్టి, కోటు కూడా వేసుకోకుండా బయటికి వెళ్ళాడు. నేను నా బల్ల దగ్గరికి వెళ్ళి, చెరువు గడ్డకట్టిన ఆ తారీఖుని ఆవిడ రాసింది రాసినట్టుగా చెరువుల పట్టీలోకి ఎక్కించాను.